షుగర్ లేదు, దాహం తీరదు
పీయూష గ్రంథికి క్యాన్సర్ పాకితే ఎలా పట్టుకుంటారు, ఏం చేస్తారు?

ఇంట్లో ఒకరికి ఉన్నట్టుండి దాహం పట్టుకుందనుకోండి. పగలంతా చెంబులకు చెంబులు నీళ్లు తాగుతున్నారు. రాత్రి గంటకోసారి లేస్తున్నారు. అన్నం కన్నా మంచినీళ్ల సీసా మీదే ధ్యాస. అదీ చల్లటి నీళ్లయితేనే హాయి. తెలుగునాట ఏ ఇంట్లోనైనా అప్పుడు వినిపించే మొదటి మాట ఒకటే: ‘షుగర్ చూపించుకోండి.’ చూపించుకున్నారు. పరగడుపున మామూలే, తిన్నాక మామూలే, మూడు నెలల సగటూ మామూలే. మూత్రంలో చక్కెర లేదు, చీము కణాలు లేవు. ‘వేడి చేసి ఉంటుంది, సబ్జా నీళ్లు తాగండి’ అని ఎవరో అంటారు. కొన్ని వారాలు అలాగే గడిచిపోతాయి.

ఆ మనిషికి నాలుగైదేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స జరిగి ఉంటే? లేదా ప్రస్తుతం ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు మందులు వాడుతుంటే? అప్పుడు డాక్టరు ఆలోచన మూత్రపిండాలను దాటి తలలోకి, పుర్రె అడుగున ఎముక గుంటలో కూర్చున్న ఒక చిన్న గ్రంథి దాకా వెళ్లాలి. క్యాన్సర్ పాకే చోట్లు చెప్పమంటే ఎముకలు, కాలేయం, ఊపిరితిత్తులు, మెదడు అని చాలామంది చెబుతారు. ఆ జాబితాలో పీయూష గ్రంథి పేరు వినిపించదు. అరుదు కాబట్టి వినిపించదు. వినిపించదు కాబట్టి ఆలస్యంగా పట్టుబడుతుంది.

అర గ్రాము పెత్తనం

పీయూష గ్రంథి బరువు సుమారు అర గ్రాము. ముక్కు వెనక, కళ్ల మధ్య నుంచి నేరుగా లోపలికి వెళితే స్ఫీనాయిడ్ అనే ఎముక వస్తుంది. దాని పైభాగంలో ఒక గుంట ఉంటుంది. గ్రంథి ఉండేది అందులోనే. పైనున్న హైపోథాలమస్ నుంచి ఒక సన్నని కాడ దిగి దీన్ని పట్టుకుని ఉంటుంది.

చూడటానికి ఒకటే గ్రంథి, పుట్టుకలో మాత్రం రెండు. ముందు భాగం పిండదశలో నోటి పైకప్పు నుంచి పైకి పెరిగి వస్తుంది. వెనక భాగం మెదడు నుంచి కిందికి దిగుతుంది. ముందు భాగం సొంతంగా హార్మోన్లు తయారు చేస్తుంది: థైరాయిడ్‌ను నడిపేది, అడ్రినల్ గ్రంథుల చేత కార్టిసాల్ చేయించేది, అండాశయాలను వృషణాలను ఆడించేవి, ఎదుగుదలకు ఒకటి, పాలు తయారవడానికి ప్రొలాక్టిన్. వెనక భాగం ఏదీ తయారు చేయదు. హైపోథాలమస్‌లోని నాడీకణాలు తయారు చేసిన వాసోప్రెసిన్, ఆక్సిటోసిన్ కాడ గుండా దిగి వచ్చి ఇక్కడ నిల్వ ఉంటాయి, అవసరమైనప్పుడు రక్తంలోకి వెళతాయి.

దాహం చిక్కుముడికి సమాధానం వాసోప్రెసిన్ దగ్గర ఉంది. మన మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. అందులో అధిక భాగం తిరిగి రక్తంలోకి చేరిపోతుంది. చివరి మజిలీలో మిగిలిన నీటిని ఎంత వెనక్కి తీసుకోవాలో, ఎంత వదిలెయ్యాలో చెప్పేది వాసోప్రెసిన్. అది ఉంటే రోజు మూత్రం లీటరున్నర, రెండు లీటర్ల దగ్గర ఆగుతుంది. బాగా తగ్గిపోతే నీళ్లలాంటి పలుచని మూత్రం నాలుగు, ఆరు, కొందరిలో పది లీటర్లు దాటి పోతుంది. పోయిన నీటిని పూడ్చుకోమని మెదడు దాహం పుట్టిస్తుంది. అంటే ఈ రోగి ఎక్కువ తాగడం వల్ల ఎక్కువ పోవడం లేదు, ఎక్కువ పోవడం వల్ల తాగుతున్నారు. తాగొద్దని ఇంట్లోవాళ్లు సీసా దాచేస్తే ప్రమాదమే. రక్తంలో సోడియం పెరిగి మగత, తికమక, ఫిట్స్ దాకా వెళ్లొచ్చు.

దీన్ని అతిమూత్ర వ్యాధి అంటారు. చక్కెర వ్యాధితో దీనికి ఏ చుట్టరికమూ లేదు. 2022 నుంచి వైద్య సంఘాలు దీన్ని ‘వాసోప్రెసిన్ లోపం’ అని రాయమంటున్నాయి కాబట్టి రిపోర్టులో ఆ మాట కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, జబ్బు పాతదే.

వెనక మడికే ఎందుకు?

ఇక్కడొక విచిత్రం ఉంది. పీయూష గ్రంథిలో సొంతంగా పుట్టే గడ్డలు, అంటే అడినోమాలు, ముందు భాగంలోనే పుడతాయి. ఇవి చాలా మామూలు. వేరే కారణానికి తలకు ఎమ్మారై తీయించుకున్న పదిమందిలో ఒకరికి ఏదో ఒక చిన్న గడ్డలాంటిది కనిపిస్తుంది. అధిక శాతం ఏ హానీ చేయవు. ఎంత పెరిగినా ఇవి అతిమూత్రంతో బయటపడటం అత్యంత అరుదు. మరో చోట నుంచి పాకి వచ్చిన క్యాన్సర్ తీరు వేరు. లక్షణాలు చూపించిన రోగుల్లో దగ్గరదగ్గర సగం మందిలో అతిమూత్రం ఉంటుంది. కారణం, అది ఎక్కువగా వచ్చి దిగేది వెనక భాగంలో.

అలా దిగడానికి కారణం రక్తం పారే దారిలో ఉంది. గోదావరి డెల్టా పొలాల్లో నీరు పెట్టే తీరు తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. కొన్ని మళ్లకు కాలువ నుంచి తూము ద్వారా నేరుగా నీళ్లొస్తాయి. కొన్నిటికి ఆ భాగ్యం లేదు, పై మడి తడిసి నిండాక గండి గుండా దిగిన నీరే దిక్కు. కాలువ నీటిలో కలుపు విత్తనాలు కొట్టుకొస్తే ముందు ఏ మడిలో పడతాయి? నేరుగా తూము ఉన్న మడిలో. పీయూష గ్రంథి వెనక భాగానికి ధమని నుంచి రక్తం నేరుగా వస్తుంది. ముందు భాగానికి వచ్చే రక్తంలో ఎక్కువ పాలు మొదట పైన హైపోథాలమస్ అడుగున సన్నని రక్తకేశనాళికల్లో పారి, అక్కడి హార్మోన్ సంకేతాలను కలుపుకుని, కాడ వెంట ఉన్న సిరల గుండా దిగి వస్తుంది. ఆ ఏర్పాటు హార్మోన్ల పనికోసం. కానీ దానివల్లే రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాలకు ముందు భాగం చేరడం కష్టం, వెనక భాగం చేరడం సులువు.

విత్తనం చేరినంత మాత్రాన మొలవదు, నేల కూడా కుదరాలి. 1889లో లండన్ శస్త్రవైద్యుడు స్టీఫెన్ పాజెట్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది శవపరీక్షల వివరాలు పరిశీలించి సరిగ్గా ఈ మాటే అన్నాడు. క్యాన్సర్ ఎక్కడపడితే అక్కడ పాకడం లేదు, దానికి నచ్చిన అవయవాలు ఉన్నాయి అని. రొమ్ము క్యాన్సర్ పీయూష గ్రంథిని ఇష్టపడటానికి అక్కడి ప్రొలాక్టిన్ వంటి హార్మోన్లే కారణమని కొందరు పరిశోధకుల ఊహ. రుజువు కాలేదు గానీ కొట్టిపారేసేదీ కాదు. లెక్క మాత్రం స్పష్టం: పీయూష గ్రంథికి పాకే క్యాన్సర్లలో సుమారు మూడింట రెండు వంతులు రొమ్ము, ఊపిరితిత్తులవే. తర్వాత మూత్రపిండం, ప్రోస్టేట్, పెద్దపేగు, థైరాయిడ్, చర్మ క్యాన్సర్ అయిన మెలనోమా వస్తాయి.

శవపరీక్షల్లో ఎక్కువ, ఆస్పత్రిలో తక్కువ

ఈ జబ్బును మొదట 1857లో బెంజమిన్ అనే జర్మన్ వైద్యుడు నమోదు చేశాడు. మెలనోమా ఒళ్లంతా పాకి చనిపోయిన రోగి శవపరీక్షలో పీయూష గ్రంథిలోనూ అది కనిపించింది. తర్వాత వందేళ్ల పాటు ఈ విషయం శవపరీక్షల బల్ల మీదే ఎక్కువగా కనిపించింది. 1975లో అమెరికాలో టియర్స్, సిల్వర్‌మన్ అనే ఇద్దరు పీయూష గ్రంథికి క్యాన్సర్ పాకిన 88 మంది శవపరీక్షల వివరాలు ప్రచురించారు. బతికుండగా పీయూష గ్రంథి వల్ల లక్షణాలు వచ్చినవారు వారిలో ఏడు శాతం కూడా లేరు.

లక్షణాలు నిజంగా లేవా, ఎవరూ గుర్తించలేదా? రెండూ ఉండి ఉంటాయి. గ్రంథిలో ముప్పావు వంతు దెబ్బతినే దాకా హార్మోన్ల కొరత బయటపడదు. పడ్డాక కనిపించేవి నీరసం, వాంతి వచ్చినట్టుండటం, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం. క్యాన్సర్ రోగిలో వీటిలో ఏది కనిపించినా అందరూ కీమో మీదికో, జబ్బు ముదిరిందనో తోసేస్తారు. నా దృష్టిలో ఈ జబ్బు విషయంలో జరిగే అసలు నష్టం ఇదే. ‘ఇంతే, ఇంక ఓపిక ఉండదు’ అని మంచాన పడుకోబెట్టిన మనిషికి కార్టిసాల్ లేకపోవడమే కారణమైతే, మాత్ర వేసిన రెండు మూడు రోజుల్లో లేచి కూర్చుంటారు.

ఇదే గ్రంథిని క్యాన్సర్ వైద్యులు కావాలని తీసేసిన రోజులు కూడా ఉన్నాయి. 1950ల్లో స్టాక్‌హోమ్ కరొలిన్‌స్కా సంస్థలో హార్మోన్ల నిపుణుడు రోల్ఫ్ లుఫ్ట్, నాడీ శస్త్రవైద్యుడు హెర్బర్ట్ ఒలివెక్రోనా కలిసి ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీలకు పీయూష గ్రంథిని పూర్తిగా తొలగించారు. 1953లో ఆ అనుభవాలు ప్రచురించారు. హార్మోన్ల మీద బతికే కణితికి హార్మోన్ల మూలాన్నే తీసేస్తే అది కుంచించుకుపోతుందన్నది ఆలోచన. కొందరిలో నిజంగానే కుంచించుకుపోయింది. గ్రంథి లేకుండా మనిషి బతకడం ఎలా సాధ్యమైందంటే, సరిగ్గా అంతకు ముందే కార్టిసోన్ మందుగా అందుబాటులోకి వచ్చింది. లోకంలో చాలా చోట్ల ఈ ఆపరేషన్లు జరిగాయి. తీసిన గ్రంథులను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, ఏ లక్షణమూ లేని స్త్రీల గ్రంథుల్లోనూ క్యాన్సర్ కణాల గుంపులు కనిపించాయి. రొమ్ము క్యాన్సర్ ఇక్కడికి ఎంత తరచుగా వస్తుందో తెలిసింది అలా. టామాక్సిఫెన్ మాత్ర వచ్చాక (అమెరికాలో దానికి 1977లో అనుమతి దొరికింది) ఆ ఆపరేషన్ కాలగర్భంలో కలిసింది. అయ్యో అనాల్సిన పనేమీ లేదు.

కన్ను చెప్పే సాక్ష్యం

గ్రంథికి పైన, సెంటీమీటరు కూడా లేని దూరంలో, రెండు కళ్ల నుంచి వచ్చే దృక్ నాడులు ఒకదాన్నొకటి దాటే కూడలి ఉంది. కింది నుంచి గడ్డ పెరిగి ఆ కూడలిని నొక్కితే మొదట పోయేది రెండు పక్కల చూపు. ఎదురుగా ఉన్నవి బాగానే కనిపిస్తాయి. పక్క నుంచి వచ్చే బండి కనిపించదు, గుమ్మానికి భుజం తగులుతుంది. చాలామంది దీన్ని కళ్లజోడు సమస్య అనుకుని అద్దాలు మార్పిస్తారు. చూపు పరిధిని కొలిచే పరీక్ష ఒకటి ఉంది, కంటి ఆస్పత్రిలో అరగంట పని.

గ్రంథికి అటూ ఇటూ ఉన్న సిరల గదుల్లో కంటిగుడ్డును తిప్పే నాడులు వెళతాయి. అడినోమా ఈ గదుల్లోకి జరిగినా ఆ నాడులను సాధారణంగా అంత త్వరగా పాడుచేయదు. పాకి వచ్చిన క్యాన్సర్ చేస్తుంది. ఒక రెప్ప వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, దానితో పాటు కళ్ల వెనక తలనొప్పి, ఇవన్నీ కొద్ది వారాల్లోనే మొదలయ్యాయంటే అనుమానం బలపడుతుంది. సంవత్సరాలు తీసుకునేది అడినోమా. వారాల్లో, నెలల్లో ముదిరేది ఇది.

తేల్చడం ఎలా?

మొదటి పరీక్షకు డబ్బు ఖర్చు లేదు. ఇరవై నాలుగు గంటలు పోసిన మూత్రాన్నంతా కొలతల డబ్బాలో పట్టి కొలవడమే. పెద్దవాళ్లలో మూడు లీటర్లు దాటితే అది నిజమైన అతిమూత్రం. చాలామంది ‘మాటిమాటికీ’ వెళ్లడాన్నీ ‘ఎక్కువ’ పోవడాన్నీ ఒకటే అనుకుంటారు. వెళ్లిన ప్రతిసారీ కొంచెమే వస్తుంటే అది వేరే సమస్య.

తర్వాత రక్తంలో సోడియం, మూత్రం ఎంత చిక్కగా ఉంది అనేవి చూస్తారు. రక్తం చిక్కబడినా మూత్రం పలుచగానే ఉంటే వాసోప్రెసిన్ పని జరగడం లేదన్నమాట. అదే రక్తంలో కాల్షియం కూడా చూడాలి. క్యాన్సర్ ఎముకలకు పాకినప్పుడు కాల్షియం పెరుగుతుంది, అది కూడా అచ్చం ఇలాగే దాహం, మూత్రం తెప్పిస్తుంది. దాని చికిత్స పూర్తిగా వేరు. సందేహం తీరకపోతే ఆస్పత్రిలో ఉంచి, డాక్టరు కళ్లెదుట, కొన్ని గంటలు నీళ్లు ఆపి చూసే పరీక్ష చేస్తారు. ఇంట్లో సొంతంగా చేసుకునే ప్రయోగం కాదు అది.

ముందు భాగం హార్మోన్లలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఉదయం ఎనిమిది గంటలకు తీసే కార్టిసాల్. డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల కన్నా తక్కువుంటే లోపం దాదాపు ఖాయం. 15 దాటితే లోపం లేనట్టే. మధ్యలో ఉంటే మరో పరీక్ష కావాలి. కీమోతో పాటు డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్లు వాడుతున్నవారిలో ఈ అంకె తప్పుదారి పట్టిస్తుంది కాబట్టి ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి.

థైరాయిడ్ విషయంలో మనవాళ్లు తరచు చేసే పొరపాటొకటి చెప్పుకోవాలి. ‘థైరాయిడ్ టెస్ట్’ అంటే ల్యాబుల్లో చాలాసార్లు టీఎస్‌హెచ్ ఒక్కటే చేస్తారు. టీఎస్‌హెచ్ తయారయ్యేదే పీయూష గ్రంథిలో. ఆ గ్రంథే దెబ్బతింటే థైరాయిడ్ పడిపోయినా టీఎస్‌హెచ్ పెరగదు, రిపోర్టు ‘నార్మల్’ అని వస్తుంది. ఫ్రీ టీ4 కూడా చూస్తేనే నిజం బయటపడుతుంది.

ప్రొలాక్టిన్ కొద్దిగా పెరిగి ఉండొచ్చు. దాన్ని తయారు చేసే కణాలను హైపోథాలమస్ నుంచి కాడ గుండా వచ్చే డోపమైన్ అదుపులో పెడుతుంది. కాడ నలిగితే ఆ అదుపు తప్పుతుంది. ఈ కొద్దిపాటి పెరుగుదల చూసి ‘ప్రొలాక్టిన్ గడ్డ’ అని పొరబడిన సందర్భాలున్నాయి. నిజంగా ప్రొలాక్టిన్ చేసే పెద్ద గడ్డ అయితే అంకె ఎన్నో రెట్లు ఎక్కువుంటుంది.

ఇక ఎమ్మారై. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి వెనక భాగం ఒక రకం ఎమ్మారై చిత్రంలో తెల్లగా మెరుస్తుంది. నిల్వ ఉన్న వాసోప్రెసిన్ వల్ల వచ్చే మెరుపది. నిల్వ పోతే మెరుపూ పోతుంది. కాడ లావెక్కి ఉందా, చుట్టూ ఎముక తినేసి ఉందా, పక్క సిరల గదుల్లోకి చొచ్చుకుపోయిందా అని చూస్తారు. అడినోమా నిదానంగా పెరుగుతూ గుంటను కూడా వెడల్పు చేసుకుంటుంది. పాకి వచ్చిన క్యాన్సర్‌కు అంత తీరిక ఉండదు. గుంట మామూలు సైజులోనే ఉండగా పైకి పొడుచుకు వస్తుంది, గుంట మూతను దాటే చోట నొక్కుకుపోయి డంబెల్ ఆకారంలో కనిపిస్తుంది.

కార్టిసాల్ దాచేసే గుట్టు

‘హార్మోన్ మాత్ర మొదలుపెట్టాకే ఈ దాహం వచ్చింది, మందు పడలేదు’ అని కొందరు రోగులు ఫిర్యాదు చేస్తారు. వాళ్ల గమనిక సరైనదే, అర్థం మాత్రం తిరగబడింది.

అదనపు నీటిని బయటికి పంపడానికి మూత్రపిండానికి కార్టిసాల్ అవసరం. గ్రంథి ముందు, వెనక భాగాలు రెండూ దెబ్బతిన్నప్పుడు వాసోప్రెసిన్ తగ్గి నీరు పోవాలి, కానీ కార్టిసాల్ కూడా తగ్గడంతో నీరు పోలేదు. రెండు లోపాలూ ఒకదాన్నొకటి కప్పిపుచ్చుతాయి. మూత్రం మామూలుగానే ఉంటుంది. హైడ్రోకార్టిసోన్ ఇవ్వగానే మూత్రపిండం తేరుకుంటుంది, మరుగున ఉన్న వాసోప్రెసిన్ లోపం ఒకటి రెండు రోజుల్లో బయటపడుతుంది. అప్పుడు చేయాల్సింది మాత్ర ఆపడం కాదు, వాసోప్రెసిన్‌కు బదులు మందు చేర్చడం. ఆపితే ప్రాణం మీదికొస్తుంది.

అన్నీ క్యాన్సరే కావు

క్యాన్సర్ చరిత్ర ఉన్న రోగి పీయూష గ్రంథిలో గడ్డ కనిపించగానే ‘పాకింది’ అని తీర్మానించడం తప్పు. అడినోమాలు అంత మామూలు కాబట్టి, క్యాన్సర్ రోగికి కూడా ఉత్త అడినోమా ఉండొచ్చు. మన దేశంలో క్షయ కూడా ఈ గుంటలో గడ్డ కడుతుంది. అరుదే, కానీ క్షయ మందులతో తగ్గిపోయే జబ్బును క్యాన్సర్ అనుకోవడం కన్నా ఘోరం ఉండదు.

మరొకటి గత పదిహేనేళ్లలో కొత్తగా వచ్చి చేరింది. శరీర రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు, 2011లో అమెరికా అనుమతి పొందిన ఇపిలిముమాబ్‌తో మొదలై, ఇప్పుడు మన నగరాల్లోనూ వాడుతున్నారు. ఆ ఉసిగొల్పిన శక్తి ఒక్కోసారి పీయూష గ్రంథి మీదే పడుతుంది. గ్రంథి వాచి, తలనొప్పి, విపరీతమైన నీరసం వస్తాయి. ఎమ్మారైలో ఉబ్బిన గ్రంథి గడ్డలా కనిపిస్తుంది. ఇందులో ముందు భాగం, ముఖ్యంగా కార్టిసాల్‌ను నడిపించే హార్మోన్, దెబ్బతింటుంది. అతిమూత్రం మాత్రం అరుదు. ఆ ఒక్క తేడా చాలాసార్లు దారి చూపిస్తుంది.

దీనికి వ్యతిరేక పరిస్థితీ ఉంది. పీయూష గ్రంథిలో పాకిన క్యాన్సర్ బయటపడిన రోగుల్లో కొందరికి అప్పటిదాకా క్యాన్సర్ ఉన్నట్టే తెలియదు. నివేదికల్లో ఈ సంఖ్య ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా కనిపిస్తుంది. దాహమని, చూపు తగ్గిందని వస్తారు, వెతికితే ఊపిరితిత్తిలో అసలు కణితి దొరుకుతుంది. అందుకే ఇలాంటి అనుమానం వస్తే ఛాతీ సీటీ, రొమ్ము పరీక్ష, అవసరమైతే ఒళ్లంతా చూసే పెట్ స్కాన్ చేస్తారు.

నూటికి నూరుపాళ్లు తేల్చేది ముక్క పరీక్షే. అందరికీ ముక్క తీయాలా? ఒంట్లో చాలాచోట్ల క్యాన్సర్ ఉందని ఇప్పటికే తెలిసి, ఎమ్మారై చిత్రం స్పష్టంగా ఉంటే, ముక్కు గుండా ఆపరేషన్ చేసి ముక్క తీయడంలో అర్థం లేదు. ఇంకెక్కడా క్యాన్సర్ కనిపించనప్పుడు, లేదా ముక్క ఫలితం చికిత్సను మార్చేట్టున్నప్పుడు తీయాల్సిందే.

ముందు మాత్ర, తర్వాతే కత్తి

చికిత్సలో వరుస ముఖ్యం. మొదటిది హైడ్రోకార్టిసోన్. రోజుకు 15 నుంచి 25 మిల్లీగ్రాములు, రెండు మూడు విడతలుగా, పెద్ద వంతు పొద్దున్నే. రోగి అప్పటికే పడిపోయిన స్థితిలో ఉంటే రిపోర్టు కోసం ఎదురుచూడకుండా రక్తం తీసి పక్కన పెట్టి 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ ఇచ్చేస్తారు.

థైరాయిడ్ మాత్ర దీని తర్వాతే. కార్టిసాల్ లేని ఒంట్లో ముందు థైరాక్సిన్ పడితే అది శరీరం పని వేగాన్ని పెంచి, మిగిలి ఉన్న కాస్త కార్టిసాల్‌నూ త్వరగా ఖర్చు చేయిస్తుంది. బీపీ కుప్పకూలుతుంది. రెండు చవకైన మాత్రలే, వరుస తప్పితే ప్రాణాపాయం.

మూడోది డెస్మోప్రెసిన్. అసలు వాసోప్రెసిన్ ఒంట్లో కొద్ది నిమిషాల్లోనే కరిగిపోతుంది. 1960ల్లో ప్రాగ్‌లోని రసాయన శాస్త్రవేత్తలు దాని నిర్మాణంలో చిన్న మార్పులు చేసి, గంటల తరబడి పనిచేసే, బీపీని పెంచని రూపం తయారు చేశారు. ముక్కులో స్ప్రేగానో, మాత్రగానో వాడతారు. రాత్రి నిద్ర తిరిగొస్తుంది. దీనితో ఒకే హెచ్చరిక: మందు పనిచేస్తుండగా పాత అలవాటు కొద్దీ లీటర్ల కొద్దీ నీళ్లు తాగితే ఆ నీరు బయటికి పోక రక్తంలో సోడియం పడిపోతుంది. దాహం వేసినంతే తాగాలి. మొదటి వారాల్లో సోడియం పదేపదే చూపించుకోవాలి.

ఒక విషయం రోగులకు ఆశ్చర్యం కలిగిస్తుంది. కొందరిలో ఈ అతిమూత్రం తనంతట తాను తగ్గుతుంది. వెనక భాగం గోదాము మాత్రమే కదా, తయారీ పైన జరుగుతుంది. గోదాము పోయినా కాడ పైభాగం బాగుంటే అక్కడి నుంచే కొంత హార్మోన్ రక్తంలో కలుస్తుంది. కాడ పైదాకా దెబ్బతింటే ఆ ఆశ ఉండదు.

గడ్డను ఏం చేస్తారు?

చూపు వేగంగా పోతుంటే ఆపరేషన్ ఆలోచన వస్తుంది. ముక్కు రంధ్రం గుండా ఎండోస్కోప్ పంపి, స్ఫీనాయిడ్ ఎముక గుండా కింది నుంచి గుంటలోకి వెళతారు. పుర్రె కోయరు. ఈ దారిలో మొదట 1907లో ఆస్ట్రియా శస్త్రవైద్యుడు హెర్మన్ ష్లోఫర్ వెళ్లాడు, ఇవాళ అది మన పెద్ద నగరాల్లో మామూలు ఆపరేషన్. అయితే అడినోమా మెత్తగా ఉండి తేలిగ్గా వస్తుంది. పాకి వచ్చిన క్యాన్సర్ గట్టిగా ఉండొచ్చు, రక్తం ధారగా కారొచ్చు, మూత్రపిండం నుంచి వచ్చిందైతే మరీను. పక్కనే మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద ధమనులున్నాయి. అందుకే పూర్తిగా తీయాలన్న పట్టుదల పెట్టుకోరు. నాడి మీద ఒత్తిడి తీసేయడం, ముక్క పరీక్షకు పంపడం, అంతవరకే. చూపు కొంతైనా తిరిగి రావడం, తలనొప్పి తగ్గడం దీని వల్ల దక్కే మేలు. ఆయుష్షు పెరుగుతుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు.

రేడియేషన్‌ది ఇంకా పెద్ద పాత్ర. గడ్డ చిన్నదై, దృక్ నాడి కూడలికి కొన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉంటే ఒకే విడతలో అనేక దిక్కుల నుంచి సన్నని కిరణాలను గడ్డ మీదికి కూర్చే పద్ధతి వాడతారు. దీనికి మూలపురుషుడు స్టాక్‌హోమ్‌కే చెందిన లార్స్ లెక్సెల్, 1960ల చివర్లో ఆయన గామా నైఫ్ యంత్రం తయారు చేశాడు. గడ్డ నాడిని ఆనుకుని ఉంటే అలా కుదరదు. ఒకే విడతలో పెద్ద మోతాదును నాడి తట్టుకోలేదు, చూపు పోతుంది. అప్పుడు మోతాదును చిన్నచిన్నగా చేసి కొన్ని వారాల పాటు ఇస్తారు.

ఇంతకీ అసలు క్యాన్సర్‌కు మందు పనిచేస్తే ఇక్కడి గడ్డ కూడా కుంచించుకుపోతుంది. మెదడులోకి చాలా మందులు వెళ్లలేవు, రక్తానికీ మెదడుకూ మధ్య ఒక కట్టుదిట్టమైన అడ్డుగోడ ఉంది. పీయూష గ్రంథి ఆ గోడకు బయట ఉంది. హార్మోన్లు రక్తంలో కలవాలంటే అలాగే ఉండాలి మరి. అందువల్ల మెదడుకు అందని మందు కూడా దీనికి అందుతుంది. ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో మార్పు ఉన్న ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వాడే జెఫిటినిబ్, ఆసిమెర్టినిబ్ వంటి మాత్రలు, హెర్2 రకం రొమ్ము క్యాన్సర్‌కు వాడే ట్రాస్టుజుమాబ్, హార్మోన్లకు స్పందించే రొమ్ము క్యాన్సర్ మాత్రలు ఇలా ఇక్కడి గడ్డ మీద కూడా పనిచేయగలవు. కాబట్టి ఎప్పుడో తీసిన ముక్క రిపోర్టులో ఈ వివరాలు లేకపోతే ఇప్పుడైనా చేయించాలి.

ఎంతకాలం బతుకుతారు? పాత నివేదికల్లో సగం మంది ఏడాది లోపే చనిపోయారు. ఆ అంకెను భుజాన వేసుకుని కూర్చోవద్దు. అవి ఈ మందులు లేని కాలపు లెక్కలు. పైగా చాలామంది చనిపోయింది ఒళ్లంతా పాకిన క్యాన్సర్ వల్ల, పీయూష గ్రంథిలోని గడ్డ వల్ల కాదు. అసలు జబ్బు అదుపులో ఉన్నవారు ఇక్కడి గడ్డతో ఏళ్లు గడిపిన సందర్భాలున్నాయి.

క్యాన్సర్ తగ్గినా చెడిపోయిన గ్రంథి చాలామందిలో తిరిగి పనిచేయదు. అంటే హైడ్రోకార్టిసోన్ జీవితాంతం. రోగి ఇంట్లోవాళ్లకు ఇక్కడొక విజ్ఞప్తి. జ్వరం వస్తే ఆ రోజుల్లో మోతాదు రెట్టింపు చేయాలి, ఎంత చేయాలో ముందే డాక్టరు చేత రాయించి పెట్టుకోండి. వాంతులతో మాత్ర నిలవకపోతే తెల్లారేదాకా ఆగకుండా దగ్గర్లోని ఏ ఆస్పత్రికైనా వెళ్లి ఇంజెక్షన్ వేయించండి. ‘ఈ రోగికి కార్టిసాల్ లోపం ఉంది, అత్యవసరంలో హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు ఇవ్వాలి’ అని రాసిన చీటీ ఒకటి జేబులోనో పర్సులోనో, ఫోన్ కవరులోనో ఎప్పుడూ ఉంచండి. ‘స్టెరాయిడ్ మంచిది కాదు, మానెయ్’ అని సలహా ఇచ్చే చుట్టాలు తప్పకుండా వస్తారు. వాళ్ల మాట విని ఒక్కరోజు కూడా మానొద్దు.